ఆస్తి వారిది... దారి అందరిది

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో చక్రాల కుర్చీ కూడా వెళ్లగల నడకబాటలు ఒకప్పటి పెద్దల ఎస్టేట్‌ల నడుమ నుంచే సాగుతాయి. అవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. చెరువు ఎవరిదన్న ప్రశ్న మన దగ్గర ఇంటింటి చర్చగా మారిన ఈ రోజుల్లో ఆ బాటల కథ మనకూ పనికొస్తుంది.

1887 అక్టోబరు 1, శనివారం. పెన్సిళ్ల తయారీకి పేరుపడ్డ కెజిక్ ఊరు వీధిలోకి వచ్చింది. దాదాపు రెండు వేల మంది బారులు తీరి నడుస్తున్నారు. వెళ్తున్నది ఊరి వెనక ఉన్న లాట్రిగ్ గుట్టకే. ఎత్తు 368 మీటర్లు, పిల్లలు కూడా ఎక్కగల గుట్ట. ఏళ్ల తరబడి అలవాటుగా ఎక్కి దిగిన ఆ గుట్ట దారిని ఎస్టేటు యజమానులైన స్పెడింగ్ కుటుంబం మూసేసింది. భూమి మీదే కావచ్చు, దారి మాత్రం మాదన్నది ఊరి వాదన. గైడు పుస్తకాలు రాసే హెన్రీ ఇర్విన్ జెంకిన్సన్ ముందుండి నడిపించాడు. దారికి అడ్డంగా పెట్టినవాటిని తొలగించుకుంటూ జనం శిఖరానికి చేరారు. వ్యవహారం కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది కార్లైల్ కోర్టులో రాజీ కుదిరింది. వివాదంలో ఉన్న దారుల్లో ఒకటి వదులుకోవాల్సి వచ్చినా, శిఖరానికి వెళ్లే బాట జనానికి దక్కింది.

అదే లాట్రిగ్ మీదికి ఇవాళ చక్రాల కుర్చీలో వెళ్లవచ్చు. గుట్ట వెనకవైపు గేల్ రోడ్డు చివర కారు ఆపితే, అక్కణ్నుంచి శిఖరం దగ్గర బెంచీ దాకా గట్టిపరిచిన బాట మెల్లగా తీసుకెళ్తుంది. ఎదురుగా డెర్వెంట్‌వాటర్ సరస్సు, దాని వెనక బారోడేల్ లోయ. 1887లో పట్టుబట్టి నిలుపుకున్న హక్కు, తర్వాతి తరాలు ఓపిగ్గా చదును చేసిన బాట... రెండూ కలిస్తేనే ఈ దృశ్యం. హక్కు ఉండి బాట లేకపోతే కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకే గుట్ట. బాట ఉండి హక్కు లేకపోతే యజమాని మనసు మారేదాకానే గుట్ట. సరస్సునూ దాని ఒడ్డునున్న ఎస్టేటునూ తరతరాలకు కాపాడేది ఈ రెండింటి కలయికేనన్నది ఈ కథనం చెప్పదలచుకున్న మాట.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన దగ్గర్నుంచి చెరువు అందరి నోళ్లలో నానుతోంది. ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) ఎంతవరకు, బఫర్ జోన్ ఎక్కణ్నుంచి, ఎవరి కట్టడం లోపలికొచ్చింది అన్న ప్రశ్నలు టీ కొట్టు దగ్గరా వినబడుతున్నాయి. అవి అవసరమైన ప్రశ్నలే. వాటి తర్వాత రావాల్సిన ప్రశ్న మాత్రం ఇంకా వెనకబడే ఉంది. కాపాడిన చెరువు చుట్టూ నడిచేదెవరు? ఏ హక్కుతో? ఏ బాట మీద? ఆ ప్రశ్నతో రెండు శతాబ్దాలుగా కుస్తీ పడుతున్న ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్.

సరస్సుల సీమలో డబ్బున్న మారాజులు

ఇంగ్లండ్ వాయవ్య మూలన కంబ్రియాలో 2,362 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు ఇది. విండర్‌మియర్, అల్స్‌వాటర్, కానిస్టన్, బటర్‌మియర్, గ్రాస్‌మియర్... హిమయుగంలో మంచు తొలిచిన లోయల్లో నిలిచిన నీళ్లు. చుట్టూ సిమెంటు ముట్టని రాతి గోడలు, హెర్డ్‌విక్ గొర్రెలు, పల్లెలు. ఒకప్పుడు బయటివాళ్లు భయపడి దూరంగా ఉన్న ఈ కొండలకు 1778లో థామస్ వెస్ట్ రాసిన గైడు పుస్తకం యాత్రికులను తెచ్చింది. ఎక్కడ నిలబడి చూస్తే సరస్సు బొమ్మకట్టినట్టు కనిపిస్తుందో ఆ చోట్లను అది వరసగా చెప్పింది. అలాంటి ఒక చోట, విండర్‌మియర్ పడమటి ఒడ్డున, 1790ల్లో క్లైఫ్ స్టేషన్ అనే విహార మందిరం కట్టారు. దాని కిటికీలకు రంగుటద్దాలు. పసుపుటద్దంలోంచి చూస్తే శరత్తు, లేతాకుపచ్చలోంచి వసంతం, ముదురు నీలంలోంచి వెన్నెల రాత్రి. ప్రకృతిని కూడా తమకు నచ్చిన రంగులో చూసుకునే స్తోమత ఉన్నవాళ్ల కాలమది.

ఆ స్తోమత ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే ఎస్టేట్‌ల అందం వెనక చాలామంది చెమట కనిపిస్తుంది. విండర్‌మియర్ ఒడ్డున స్టోర్స్ హాల్‌ను వైభవంగా పెంచిన జాన్ బోల్టన్ లివర్‌పూల్ బానిసల వ్యాపారి. అదే సరస్సు అవతలి ఒడ్డున 1840లో రే క్యాజిల్ కట్టించిన జేమ్స్ డాసన్ లివర్‌పూల్ వైద్యుడు. బురుజులతో పాతకాలపు కోటలా కనిపించే ఆ భవనానికి డబ్బు భార్య వైపు నుంచి, జిన్ను వ్యాపారం ఆస్తి నుంచి వచ్చింది. కానిస్టన్ దగ్గర మాంక్ కానిస్టన్ ఎస్టేటు మార్షల్ కుటుంబానిది. లీడ్స్‌లో వాళ్ల నార మిల్లులు దేశంలోనే పెద్దవి. ఆ పరిశ్రమలో పిల్లల చేత కూడా పని చేయించిన రోజులవి. మిల్లుల ఊళ్లలో పొగ పీల్చిన కూలీల సంపాదనే ఇక్కడ పచ్చిక బయలుగా, దేవదారు తోపుగా మారింది. ఆ పొగలోంచి ఒక్క ఆదివారం బయటపడి ఇక్కడ గాలి పీల్చుకోవాలని కూలీ కోరుకుంటే అది గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది?

కవి ఒక మాట, రైలు ఒక బాట

ఈ ప్రాంతానికి ప్రపంచఖ్యాతి తెచ్చిన కవి విలియం వర్డ్స్‌వర్త్ ఈ ప్రశ్న దగ్గరే తడబడ్డాడు. 1810లో తొలిసారి వెలువడిన తన గైడు రచనలో, చూసే కన్ను, ఆనందించే గుండె ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ సీమలో వాటా ఉందన్న భావాన్ని ఆయన తర్వాతి కూర్పుల్లో బలంగా చెప్పాడు. జాతీయ పార్కుల ఆలోచనకు దాన్నే బీజంగా చెప్పుకుంటారు. అదే మనిషి 1844లో కెండల్ నుంచి విండర్‌మియర్‌కు రైలు మార్గం ప్రతిపాదన రాగానే గట్టిగా అడ్డుపడ్డాడు. మిల్లు పనివాళ్లను మూకుమ్మడిగా తెచ్చి దించితే వాళ్లకూ మేలు జరగదు, ఈ చోటుకూ మేలు జరగదన్నది ఆయన వాదన. అందాన్ని ఆస్వాదించడానికి కన్ను నెమ్మదిగా అలవాటు పడాలన్నాడు. 1847లో రైలు వచ్చింది. జనం వచ్చారు. ఆయన భయపడ్డట్టు కొండలు తరిగిపోలేదు. పైగా ఆ జనంలోంచే ఈ కొండలను కాపాడే సైన్యం పుట్టింది.

ఆ మార్పు ఎలా జరిగిందో చెప్పడానికి థర్ల్‌మియర్ ఉదాహరణ చాలు. మాంచెస్టర్ నగరానికి తాగునీటి కోసం ఆ లోయలో ఆనకట్ట కట్టాలని 1870ల్లో నిర్ణయించారు. అడ్డుకోవాలని చూసినవాళ్లు ఓడిపోయారు. నీటిమట్టం పెరిగి పాత ఒడ్డు మునిగింది. 1894లో నీళ్లు మాంచెస్టర్ చేరాయి. నగరానికి నీళ్లు కావాల్సిందే, అందులో తప్పు పట్టలేం. కానీ భూమి చేతిలో లేనివాడి అభ్యంతరానికి చట్టం దగ్గర విలువ లేదని ఆ ఓటమి నేర్పింది. ఆ మరుసటి ఏడాదే, 1895లో, పేదల ఇళ్ల కోసం పనిచేసిన ఆక్టేవియా హిల్, న్యాయవాది రాబర్ట్ హంటర్, కెజిక్ పక్కనున్న క్రాస్‌త్వైట్ చర్చి మతగురువు హార్డ్‌విక్ రాన్స్‌లీ కలిసి నేషనల్ ట్రస్ట్ స్థాపించారు. ఈ రాన్స్‌లీ 1887 దారి పోరాటంలోనూ ఉన్నాడు. నినాదం చాలదు, భూమిని కొని జనం పేర పెట్టాలన్నది వాళ్ల తీర్మానం.

1902లో డెర్వెంట్‌వాటర్ ఒడ్డున బ్రాండెల్‌హౌ అనే 108 ఎకరాల అడవిని చందాలతో కొన్నారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో ట్రస్టు తొలి కొనుగోలు అదే. సంపన్నులతో పాటు పారిశ్రామిక పట్టణాల కార్మికులూ కూడబెట్టుకున్న షిల్లింగులు పంపారు. ఎప్పుడో ఒక్కసారి చూసిన సరస్సును వాళ్లు మరిచిపోలేదు. వర్డ్స్‌వర్త్ వాదనకు ఇంతకంటే మంచి జవాబు లేదు. అందం చూసిన కూలీ దాన్ని పాడు చేయలేదు, తన కూలి డబ్బుతో దాన్ని కొని కాపాడాడు. చూడనివ్వకపోతే ఆ చందా వచ్చేది కాదు.

[బాక్స్] సులువైన నడకలు... వాటి వెనక ఎస్టేట్‌లు

టార్న్ హౌస్: మాంక్ కానిస్టన్ ఎస్టేటులో భాగం. చుట్టు తిరిగితే 3 కిలోమీటర్ల లోపే. చక్రాల కుర్చీకి, పిల్లల బండికి అనువైన బాట.

ఫ్రయర్స్ క్రాగ్: కెజిక్ పడవల రేవు నుంచి కాసేపటి నడక. 1922లో రాన్స్‌లీ స్మారకంగా నేషనల్ ట్రస్ట్‌కు దక్కింది. రచయిత జాన్ రస్కిన్ స్మారక శిల కూడా ఇక్కడే ఉంది.

బటర్‌మియర్: సరస్సు చుట్టూ సుమారు 7 కిలోమీటర్లు. హాస్‌నెస్ ఎస్టేటు దగ్గర కొండరాయి తొలిచిన చిన్న సొరంగంలోంచి బాట సాగుతుంది. దాన్ని తవ్వించింది ఆ ఎస్టేటు సొంతదారైన మాంచెస్టర్ మిల్లు యజమాని.

రైడల్ – గ్రాస్‌మియర్: పూర్వం శవపేటికలను గ్రాస్‌మియర్ చర్చికి మోసుకెళ్లిన దారి. వర్డ్స్‌వర్త్ 1813 నుంచి 1850లో కన్నుమూసేదాకా అద్దెకున్న రైడల్ మౌంట్ ఇంటి వెనక నుంచి వెళ్తుంది. కొంత ఎగుడుదిగుడు ఉంటుంది.

రే క్యాజిల్: కోట కింద విండర్‌మియర్ ఒడ్డు వెంబడి చెట్ల నీడలో బాట.

కుందేలు కథల రచయిత్రి వీలునామా

కోట నుంచి జనం చేతికి ఆస్తి మారిన తీరుకు బియాట్రిక్స్ పాటర్ జీవితమే సాక్ష్యం. పీటర్ రాబిట్ కథలతో ప్రపంచమంతా పిల్లలకు దగ్గరైన రచయిత్రి ఆమె. 1882లో ఆమెకు 16 ఏళ్లప్పుడు లండన్ నుంచి తల్లిదండ్రులు వేసవికి అద్దెకు తీసుకున్నది రే క్యాజిల్‌నే. అప్పటికి రే ఊరి చర్చి గురువుగా ఉన్నది రాన్స్‌లీ. అక్కడే ఆ కుటుంబానికి ఆయనతో స్నేహం కుదిరింది. 1905లో ఆమె హిల్ టాప్ అనే పొలం కొన్నది. ఆ తర్వాత పుస్తకాల మీద వచ్చిన డబ్బును భూమిలో పెడుతూ పోయింది. 1930లో మాంక్ కానిస్టన్ ఎస్టేటు ముక్కలై అమ్ముడుపోయే ప్రమాదం వచ్చినప్పుడు దాదాపు 4,000 ఎకరాలు తానే కొని, అందులో సగాన్ని కొన్న ధరకే ట్రస్టుకు ఇచ్చింది. 1943లో ఆమె మరణించాక వీలునామా ద్వారా 4,000 ఎకరాలకు పైగా భూమి, 14 పొలాలు ట్రస్టుకు చేరాయి. కొండ పొలాల్లో హెర్డ్‌విక్ గొర్రెల మందలే కొనసాగాలని అందులో షరతు పెట్టింది. భూమితో పాటు ఆ భూమి మీద బతికే రైతు బతుకు కూడా నిలవాలన్నది ఆమె తపన.

1930 నాటి ఆ కొనుగోలుతో జనానికి దక్కిన చోటే టార్న్ హౌస్. ఫొటోల్లో చూస్తే మనిషి చేయి పడని సరస్సులా ఉంటుంది. అసలక్కడ ఉన్నవి మూడు చిన్న మడుగులు, బురద నేల. 1860ల్లో జేమ్స్ గార్త్ మార్షల్ చిన్న కట్ట కట్టించి మూడింటినీ ఒకటి చేయించాడు. చుట్టూ చెట్లు నాటించాడు. ఇవాళ దాని చుట్టూ ఉన్న బాట మీద ఒక వంపు దగ్గర ఆగి నేలను చూస్తే అసలు పనితనం తెలుస్తుంది. పైన కనబడేది గట్టిగా దట్టించిన సన్న కంకర. వాన పడే కొండసీమలో ఆ కంకర కొట్టుకుపోకుండా నీటిని పక్కకు మళ్లించే ఏర్పాటు ఉండాలి. ఎత్తు పెరిగే చోట బాట నిటారుగా పోకుండా చుట్టు తిరిగి వెళ్లాలి. నడవలేనివాళ్లు వాడుకునేందుకు గట్టి చక్రాలున్న ట్రాంపర్ బండ్లను ట్రస్టు ఇక్కడ అందుబాటులో ఉంచింది. ప్రకృతి ఇక్కడ సులువుగా దొరకలేదు. సులువు చేశారు.

మెట్టు తీసి గేటు పెట్టారు

ఇంగ్లండ్ పల్లెల్లో పొలం గోడ దాటడానికి అటూ ఇటూ రెండేసి మెట్లు పెడతారు. స్టైల్ అంటారు దాన్ని. గొర్రె దాటలేదు, మనిషి దాటగలడు అన్నది లెక్క. కానీ ఏ మనిషి? మోకాళ్ల నొప్పులున్న అవ్వ దాటలేదు, పసిబిడ్డను బండిలో తోసుకొచ్చే తల్లి దాటలేదు, చక్రాల కుర్చీలో ఉన్న యువకుడు దాటలేడు. అందుకే జాతీయ పార్కు అధికారులు ‘మైల్స్ వితౌట్ స్టైల్స్’ పేరుతో మెట్లు తీసేసి గేట్లు పెట్టిన బాటలు తయారు చేశారు. అలాంటివి ఇప్పుడు 50 దాకా ఉన్నాయి. చట్టప్రకారం స్టైల్, గేటు బాగోగులు చూసుకోవాల్సింది భూ యజమాని. కాబట్టి ఒక్క మెట్టు తీయాలన్నా రైతుతో కూర్చుని మాట్లాడాలి, గొర్రెలు బయటికి పోవన్న నమ్మకం కలిగించాలి, గేటు ఖర్చు ఎవరిదో తేల్చాలి. ఇలా ఒక్కో గోడ దగ్గర ఒక్కో ఒప్పందం కుదిరితే తప్ప ఒక బాట పూర్తి కాదు.

[బాక్స్] ‘అందరికీ’ అంటే లెక్క ఇదీ

మైల్స్ వితౌట్ స్టైల్స్ బాటలు మూడు రకాలు: అందరికీ, చాలామందికి, కొందరికి. మొదటి రకానికి ప్రమాణాలు...

• వాలు పదికి ఒకటి మించకూడదు. అంటే 10 మీటర్లు నడిస్తే 1 మీటరు కన్నా ఎక్కువ ఎక్కకూడదు. మధ్యమధ్య చదునైన చోట్లు ఉండాలి.

• బాట వెడల్పు కనీసం 1 మీటరు. ఎదురెదురుగా వచ్చేవాళ్లు తప్పుకోవడానికి చోటు ఉండాలి.

• ఉపరితలం తారు లేదా దట్టించిన సన్న కంకర. రాయి సైజు 10 మిల్లీమీటర్లు మించకూడదు.

• గేట్లు, చదును వంతెనలు ఉండవచ్చు. మెట్లు, స్టైల్స్ ఉండకూడదు.

ఈ లెక్కలు ఎవరి కోసమో ఆ మనుషుల్లో మనవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ ఆస్పత్రుల్లో డాక్టర్లుగా, మాంచెస్టర్, లీడ్స్ కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా ఉన్న తెలుగువాళ్లకు వారాంతంలో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉంది ఈ సీమ. ఆర్నెల్ల వీసా మీద కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన అమ్మానాన్నలకు కొండ శిఖరాల జోలి అక్కర్లేదు. శాలువా కప్పుకుని, మనవడి చెయ్యి పట్టుకుని, ఆయాసం లేకుండా నీటి ఒడ్డున నడిస్తే చాలు. జాతీయ పార్కులు కొన్ని వర్గాల విహారస్థలాలుగానే మిగిలిపోతున్నాయని 2019లో జూలియన్ గ్లోవర్ నాయకత్వంలోని ప్రభుత్వ సమీక్ష తేల్చి చెప్పింది. వలస వచ్చినవాళ్లు, పేదలు, దివ్యాంగులు అక్కడ తక్కువగా కనిపిస్తున్నారు. వాళ్లకు ఆసక్తి లేకనా? ఏ బస్సు ఎక్కాలో, ఏ గేటు తీయవచ్చో, తమకు ఆ పొలంలో అడుగు పెట్టే హక్కు ఉందో లేదో తెలియనివాళ్లు బయటే ఆగిపోతారు. మెట్టు తీసి గేటు పెట్టడం అలాంటివాళ్లను లోపలికి రమ్మనడమే.

సులువు చేస్తే సొగసు పోతుందా?

ఇక్కడ మొదటి అభ్యంతరం. కొండ కొండలా ఉండాలి, బాట వేసి తారు పోస్తే అది ఊరి పార్కు అవుతుందన్నది చాలామంది ప్రకృతి ప్రేమికుల బాధ. కెజిక్ – థ్రెల్కెల్డ్ బాట విషయంలో ఈ గొడవ రచ్చకెక్కింది. 1972లో మూతపడ్డ రైలు మార్గం మీద వేసిన 5 కిలోమీటర్ల నడకదారి అది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుపానుకు గ్రీటా నది పొంగి రెండు వంతెనలను ఊడ్చుకుపోయింది. అయిదేళ్లు శ్రమించి, పూడ్చేసిన పాత రైలు సొరంగాన్ని కూడా తవ్వి తెరిచి, 2020 డిసెంబరులో బాటను తిరిగి అందుబాటులోకి తెచ్చారు. ఈసారి పైన తారు వేశారు. ఆ నల్లటి పట్టీ లోయ అందాన్ని చెడగొట్టిందని విమర్శలు వచ్చాయి.

ఆ బాధలో నిజాయితీ ఉంది. పైగా లేక్ డిస్ట్రిక్ట్ 2017 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. కంటికి కనిపించే ప్రతి మార్పుకూ జవాబు చెప్పాల్సిందే. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. యునెస్కో గుర్తించింది మనిషి చేయి పడిన సాంస్కృతిక భూదృశ్యాన్ని. రాతి గోడ మనిషి కట్టిందే, టార్న్ హౌస్ మనిషి కలిపిందే, ఆ రైలు మార్గం అంతకంటే మనిషిదే. రైలింజన్లు తిరిగిన కట్ట మీద చక్రాల కుర్చీ తిరిగితే మైల పడేదేమీ లేదు. రెండోది లెక్క. పార్కులో హక్కుగా నడవగల దారులు 3,000 కిలోమీటర్లకు పైనే. అందులో సులువు చేసినవి పిడికెడు. స్కాఫెల్ పైక్ లాంటి శిఖరాలు ఎక్కేవాళ్లకు రాళ్లూ రప్పలూ అలాగే ఉన్నాయి. కష్టం కావాలనుకునేవాళ్లకు కొండంతా మిగిలే ఉన్నప్పుడు, కష్టపడలేనివాళ్లకు ఒక ఒడ్డు ఇస్తే పోయేదేమిటి?

జనం పోటెత్తితే?

రెండో అభ్యంతరం బరువైనది. పార్కులో నివసించేది 40 వేల మంది. ఏడాదికి వచ్చే సందర్శకులు కోటిన్నర పైమాటే. వేసవి ఆదివారాల్లో ఇరుకు రోడ్ల మీద కార్లు బారులు తీరతాయి. ఇళ్లను బయటివాళ్లు విడిది కోసం కొనేస్తే ఊళ్లో పుట్టిన పిల్లలకు ఇల్లు అందనంత ఖరీదవుతుంది. బడిలో పిల్లలు తగ్గుతారు, చలికాలంలో వీధి బోసిపోతుంది. ఇది ఊహించుకున్న భయం కాదు, అక్కడి పల్లెలు రోజూ పడుతున్న బాధ. బాట బాగుంటే జనం ఇంకా పెరుగుతారు కదా అన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

కానీ రోగం ఎక్కడుందో మందు అక్కడే వేయాలి. రోడ్డును స్తంభింపజేస్తున్నది నడిచే మనిషి కాదు, అతను దిగిన కారు. కెండల్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్, కెజిక్‌లను కలిపే 555 బస్సు లాంటి సర్వీసులు పెరిగితే అదే మనిషి రోడ్డుకు భారం కాడు. కార్లు పార్కింగ్‌లోనే ఆగి, నడక ఊళ్ల మధ్య సాగేలా బాటలను బస్టాపులతో కలపడం అందుకే ముఖ్యం. ఇళ్ల సమస్యకు మందు పన్నుల్లో, ఇళ్ల విధానంలో ఉంది. రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నును రెట్టింపు దాకా పెంచే అధికారం 2025 ఏప్రిల్ నుంచి అక్కడి స్థానిక సంస్థలకు వచ్చింది. జనం తొక్కిడికి కొండ కోసుకుపోతే దానికి మందు నిర్వహణ. ‘ఫిక్స్ ది ఫెల్స్’ పేరుతో వలంటీర్లు, పార్కు సిబ్బంది ఏడాది పొడవునా రాళ్లు పేర్చి, కాలవలు శుభ్రం చేస్తుంటారు. నిజానికి బాట సరిగా లేని చోటే కోత ఎక్కువ. బురద తప్పించుకోవడానికి జనం పక్కకు జరుగుతూ పోతే రెండడుగుల దారి ఇరవై అడుగుల గాయమవుతుంది. మంచి బాట జనాన్ని ఒక గీత మీద నిలబెడుతుంది. మిగతా నేలకు అదే రక్ష.

యజమానికి అన్యాయమా?

మూడో ప్రశ్న ఆస్తి హక్కుది. నా పొలంలోంచి ఊరంతా ఎందుకు నడవాలని రైతు అడిగితే ఏం చెప్పాలి? ఇంగ్లండ్ చెప్పిన జవాబు మన చరిత్రతో పోల్చి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్టేట్‌ల రద్దు చట్టం తెచ్చింది. 1949లో హైదరాబాద్ సంస్థానంలో జాగీర్లు రద్దయ్యాయి. మన దగ్గర యాజమాన్యాన్నే మార్చారు. దున్నేవాడి ఆకలి అంత తీవ్రంగా ఉన్న చోట మరో మార్గం లేదు. సరిగ్గా అదే 1949లో ఇంగ్లండ్ జాతీయ పార్కుల చట్టం తెచ్చింది. అది యాజమాన్యాన్ని ముట్టుకోలేదు. భూమి మీద ఉన్న నడకదారులన్నిటినీ సర్వే చేసి అధికారిక పటంలో గీయమంది. పటంలోకి ఎక్కిన దారి చట్టం దృష్టిలో తిరుగులేని సాక్ష్యం. భూమి పది చేతులు మారినా దారి చెరగదు.

ఆ పటంలోకి ఎక్కడానికి ఆధారం కూడా నడకే. ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరికీ దాక్కోకుండా, బలప్రయోగం లేకుండా, 20 ఏళ్లు అడ్డు లేకుండా జనం ఒక దారిన నడిస్తే, యజమాని దాన్ని ప్రజలకు వదిలేసినట్టే చట్టం భావిస్తుంది. వద్దనుకున్న యజమాని తన ఉద్దేశం ముందే స్పష్టంగా ప్రకటించుకోవచ్చు. ఇటు నడిచేవాడికీ హద్దులున్నాయి. గీత దాటి పంటలోకి పోకూడదు, గొర్రెల మధ్య కుక్కను విచ్చలవిడిగా వదలకూడదు, గేటు ఎలా ఉంటే అలా ఉంచి వెళ్లాలి. యజమాని కోల్పోయేది ఆ సన్నటి దారి మీద ‘రావద్దు’ అనే అధికారం మాత్రమే. 2000లో వచ్చిన చట్టం కొండలు, బీడు భూముల్లో స్వేచ్ఛగా తిరిగే హక్కు కూడా ఇచ్చింది. అయినా అది ఇంగ్లండ్ నేలలో 8 శాతానికే పరిమితం. అడవులు, నదుల ఒడ్లు చాలావరకు దాని బయటే ఉన్నాయి. పటంలోకి ఎక్కని పాత దారుల నమోదుకు అదే చట్టం పెట్టిన గడువును తొలగిస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. దారి కోసం పోరు అక్కడా ముగియలేదు.

[బాక్స్] దారి నడిచిన దారి

1778 – థామస్ వెస్ట్ గైడు పుస్తకం

1847 – విండర్‌మియర్‌కు రైలు

1887 – లాట్రిగ్ మీదికి రెండు వేల మంది

1895 – నేషనల్ ట్రస్ట్ స్థాపన

1902 – బ్రాండెల్‌హౌ కొనుగోలు

1949 – జాతీయ పార్కులు, నడకదారుల చట్టం

1951 – లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ పార్కు

2000 – కొండలు, బీళ్లలో తిరిగే హక్కు

2017 – యునెస్కో గుర్తింపు

మన గట్టు మీద ఏం చేయాలి?

ఇదంతా డబ్బున్న దేశపు ముచ్చట, మన జనసాంద్రతకు, మన సమస్యలకు పొసగదని చివరి అభ్యంతరం రావచ్చు. కంకర బాట ఖరీదు సంగతి అలా ఉంచి, ఈ కథలో అసలు విలువైన పని డబ్బుతో జరగలేదు. పటంలో గీత గీయడంతో జరిగింది. ఆ గీతలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. గ్రామ పటాల్లో డొంకలు, పుంతలు, బండ్ల బాటలు పోరంబోకుగా నమోదై ఉన్నాయి. చెరువు కట్టలు, అలుగులు, వాగులు ఉన్నాయి. కాగితం మీద ఉన్న డొంక నేల మీద లేకపోవడమే మన జబ్బు. ఎవరూ నడవని డొంకను పక్క పొలం మింగేస్తుంది. ఎవరూ తిరగని చెరువు గట్టును ప్లాటు మింగేస్తుంది. రోజూ వందమంది నడిచే గట్టు మీద రాత్రికి రాత్రి మట్టి పోస్తే తెల్లారేసరికి ఊరికి తెలిసిపోతుంది. నడిచే జనాన్ని మించిన కావలి ఏ శాఖ దగ్గరా లేదు.

అందుకే చెరువును విడిపించిన తర్వాత చుట్టూ ఎత్తయిన కంచె వేసి, ఒక గేటు పెట్టి, దానికి టికెట్టు, వేళలు పెడితే సగం పనే అవుతుంది. ఆక్రమణదారు పోయి ఆ స్థానంలో తాళం వస్తుంది. ముందు నడక గీతను ప్రజల దారిగా రికార్డులోకి ఎక్కించాలి. తర్వాతే దీపాలు, బెంచీలు, సెల్ఫీ బోర్డులు. మెట్లు కట్టే ముందు వాలు కట్టాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్న దేశంలో చెరువు గట్టుకు చక్రాల కుర్చీ చేరకపోవడాన్ని మామూలు సంగతిగా తీసుకోకూడదు. పాత గడీలు, సంస్థానాల కోటల ఆవరణల్లోనూ అదే సూత్రం పనిచేస్తుంది. యజమాని ప్రభుత్వమైనా, ట్రస్టయినా, హోటలైనా, ఊరి పాత దారి మూతపడకూడదు. ఇందులో ప్రతి ఊరూ చేయగల పని ఒకటుంది. గ్రామ పటం తీసి, చెరువు దాకా వెళ్లే పాత బాటలు ఏవో చూసి, గ్రామసభలో చదివి, నేల మీద హద్దు రాళ్లు పాతించుకోవడం.

కెజిక్ జనం లాట్రిగ్‌ను సొంతం చేసుకోమని అడగలేదు. ఎక్కి దిగే దారి అడిగారు. అలాంటి దారులన్నిటికీ చట్టం అండ దొరకడానికి ఊరు కదలాలి, కోర్టు కదలాలి, చట్టసభ కదలాలి, అరవై ఏళ్లు ఓపిక పట్టాలి అని తేలింది. మనకు అంత కాలం లేదు. చెరువులు అంతకంటే వేగంగా కుంచించుకుపోతున్నాయి. అయితే వాళ్లకు అప్పట్లో లేని సౌకర్యం ఒకటి మనకుంది. పటాల్లో మన దారులు ముందే రాసి ఉన్నాయి. వాటి మీద నడక మొదలుపెట్టడం, నడవలేనివాళ్లకు కూడా వీలయ్యేలా వాటిని చదును చేయడం, ఆ రెండూ జరిగేదాకా అధికారులను అడుగుతూ ఉండటం మన వంతు.